60 లీటర్ల ట్రెకింగ్ బ్యాగ్ కొంటున్నారా? లీటర్లు కాదు, ముందు మీ వీపు కొలవండి!

ఇవాళ మనం చార్మినార్ దగ్గర ఉన్నాం. బిర్యానీ వీడియో కాదు, గాజుల షాపింగ్ అసలే కాదు. నా వీపు మీద ఉన్న ఈ 60 లీటర్ల ట్రెకింగ్ బ్యాగ్ చూశారు కదా, దీన్ని టెస్ట్ చేద్దామని వచ్చాను. లోపల 8 లీటర్ల నీళ్ల బాటిళ్లు, ఒక దుప్పటి, జాకెట్. బ్యాగ్ సొంత బరువుతో కలిపి 12 కేజీలు. ఇంట్లో తూకం వేసే బయల్దేరాను. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడుచుకుంటూ వచ్చా.

ఇంత ఎందుకు అంటారా? నా ఫస్ట్ ట్రెక్ కేదార్‌కంఠ. ఉత్తరాఖండ్‌లో ఉంది, దాదాపు 12,500 అడుగుల ఎత్తు. అప్పుడు జాబ్ చేస్తున్నా. ఆఫర్ ఉంది కదా అని 70 లీటర్ల బ్యాగ్ ఆన్‌లైన్‌లో కొనేశా. జేబులెన్ని, లీటర్లెన్ని, ఇవే చూశా. రెండో రోజుకి భుజాలు పట్టేశాయి, చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. బేస్ క్యాంప్ నుంచే వెనక్కి వచ్చేశా. కొండ ఎక్కలేక కాదు ఫ్రెండ్స్, బ్యాగ్ మోయలేక! నెలల తరబడి దాచుకున్న డబ్బులు, మేనేజర్‌ని బతిమాలి తీసుకున్న సెలవులు, అన్నీ పోయాయి.

తప్పెక్కడ జరిగిందంటే, మనకి ల్యాప్‌టాప్ బ్యాగ్ అలవాటు. దాని బరువంతా భుజాల మీదే ఉంటుంది. రెండు మూడు కేజీలే కాబట్టి నడిచిపోతుంది. పెద్ద బ్యాగ్ అలా కాదు. దాని బరువులో ఎక్కువ భాగం నడుము బెల్ట్ ద్వారా తుంటి ఎముకల మీదికి దిగాలి. అక్కడి నుంచి కాళ్లు మోస్తాయి. భుజాల పట్టీల పని బ్యాగ్ వెనక్కి పడిపోకుండా పట్టుకోవడమే. బరువంతా భుజాల మీదే ఉంటే అక్కడి నరాలు నొక్కుకుపోతాయి. నా వేళ్లకి తిమ్మిరి వచ్చింది అందుకే.

మరి బరువు తుంటి మీదికి దిగాలంటే బ్యాగ్ సైజు మీ వీపు పొడవుకి సరిపోవాలి. మీ ఎత్తుకి కాదు, వీపు పొడవుకి. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే ఎత్తు ఉన్నా వీపులు వేరేగా ఉండొచ్చు. కొలవడం ఈజీ. తల ముందుకి వంచితే మెడ కింద ఒక ఎముక బయటికి పొడుచుకొస్తుంది, అది పై పాయింట్. రెండు చేతులూ నడుము మీద పెట్టి తుంటి ఎముక పైఅంచు తడిమి చూడండి. అదే ఎత్తులో వెన్నెముక మీద కింది పాయింట్. ఈ రెండింటి మధ్య టేపు పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఆ సెంటీమీటర్లు రాసుకుని, బ్యాగ్ సైజు చార్ట్‌తో పోల్చండి. వీపు పొడవు అడ్జస్ట్ చేసుకునే మోడల్ దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు షాపులో ఏం చేయాలో చెప్తా. ఖాళీ బ్యాగ్ తగిలించుకుని అద్దంలో చూసుకోవద్దు! ఖాళీ బ్యాగ్ ఏదైనా హాయిగానే ఉంటుంది. లోపల 10 కేజీల బరువు పెట్టమని అడగండి. పట్టీలన్నీ వదులు చేసి తగిలించుకోండి. మొదట నడుము బెల్ట్‌ని తుంటి ఎముకల మీద బిగించండి, పొట్ట మీద కాదు. తర్వాత భుజాల పట్టీలు. ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగ్‌కి వెళ్లే చిన్న పట్టీలు. అవి దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. చివరిగా ఛాతీ క్లిప్. ఇప్పుడు భుజాల పట్టీలు కొంచెం వదలండి. బ్యాగ్ కిందికి జారిపోతే ఆ బెల్ట్ మీకు పనికిరాదు. ఓ పావుగంట నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి.

సరే, ఈ బ్యాగ్ సంగతి. పత్తర్‌గట్టి దాకా భుజాలకి నొప్పి లేదు, బెల్ట్ పాస్. సైడ్ జేబులో బాటిల్ మాత్రం బ్యాగ్ దించకుండా అందట్లేదు, అది మైనస్. కింద వేరే జిప్ ఉంది, స్లీపింగ్ బ్యాగ్ కోసం పైవన్నీ తీయక్కర్లేదు, అది ప్లస్. లాడ్ బజార్ సందులో తిరగబోతే బ్యాగ్ గాజుల స్టాండ్‌కి తగలబోయింది. షాపు భాయ్ నవ్వుతూ, "క్యా భాయ్, ఘర్ ఖాలీ కర్‌రైఁ క్యా?" అన్నాడు. ఇల్లు ఖాళీ చేసి పోతున్నావా అని! నిజానికి మంచి పాయింటే. పెద్ద బ్యాగ్ ఉంటే అందులో అనవసరమైనవన్నీ నింపేస్తాం. రెండు రోజులకి 40 లీటర్లు చాలు, నాలుగైదు రోజులకి 50 నుంచి 60. మొత్తం బరువు మీ బరువులో 20 శాతం దాటకుండా చూసుకోండి. 60 కేజీలున్న మనిషికి 12 కేజీలన్నమాట.

సర్దేటప్పుడు బరువైనవి మధ్యలో, వీపుకి ఆనుకుని పెట్టండి. బయటి వైపు పెడితే బ్యాగ్ వెనక్కి లాగేస్తుంది. రెయిన్ కవర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. బట్టల్ని లోపల ఓ పెద్ద ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి.

బ్రాండ్ పేరు చెప్పమంటారు, తెలుసు. చెప్పను. నా వీపుకి సరిపోయింది మీ వీపుకి సరిపోవాలని లేదు. టేపు తీసుకోండి, బరువు పెట్టి నడవండి, అప్పుడే డబ్బులు కట్టండి. నేను ఈసారి కేదార్‌కంఠ పైదాకా వెళ్లి వీడియో పెడతా. ఇప్పుడైతే ఈ 12 కేజీలు దించి, ఓ ఇరానీ చాయ్ తాగాలి. ఉంటాను ఫ్రెండ్స్, బై!