మా ముందు గదిలో బూట్ల బేరం

పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆమె మీ వీధిలోకి వచ్చినప్పుడు ఒకసారి గమనించండి. మనం పారేద్దామనుకున్న చీరని ఆమె రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. అంచు చూస్తుంది, చిరుగెక్కడుందో చూస్తుంది, మనసులోనే లెక్క కట్టుకుని "ఇంకో ప్యాంటు వెయ్యండమ్మా, ఈ బేసిన్ తీసుకోండి" అంటుంది. ఆ చీరకి ఇంకా ఎంత ఆయుష్షుందో, ఎవరు కొంటారో ఆమెకి తెలుసు. మనకి తెలీదు. ఆమె లాభమంతా ఆ తెలివిలోనే ఉంది.

నేను చేస్తున్న వ్యాపారం కూడా అదే. ఆమెది చీరలు, నాది బూట్లు. అంతే తేడా.

బూట్లంటే ఆఫీసుకి వేసుకెళ్లే తోలు బూట్లు కావు. కాలేజీ పిల్లలు "స్నీకర్స్" అంటారే, రబ్బరు అడుగున్న మెత్తటి బూట్లు, అవి. మన చిన్నప్పుడు డ్రిల్లు పీరియడ్ కోసం తెల్ల కాన్వాస్ బూట్లకి సుద్ద పూసి గోడ మీద ఆరబెట్టేవాళ్లం, గుర్తుందా? వాటి మనవలే ఇవి. ధర మాత్రం మనం ఊహించలేం. కొన్ని జతలు పదివేలు దాటతాయి.

2022లో మా అబ్బాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అలాంటి జత ఒకటి కొన్నాడు. "ఈ డబ్బుతో నెల సరుకులొచ్చేవి కదరా" అని రెండు రోజులు సణిగాను. తీరా చూస్తే సైజు చాల్లేదు. కంపెనీ దగ్గర పెద్ద సైజు అయిపోయింది. వాడు బెంగపడలేదు. వారం తిరక్కుండా వేరే కాలేజీ కుర్రాడికి అమ్మేశాడు. కొన్న ధర కన్నా 900 రూపాయలు ఎక్కువకి! వాడి చేతిలో నోట్లు చూసి నాకు సణుగుడు ఆగిపోయింది. నా చిట్టీ డబ్బు పదిహేను వేలు పెట్టుబడిగా పెట్టి అలా మొదలుపెట్టాను.

వీటికింత మోజు ఎందుకు?

1984లో అమెరికాలో మైకేల్ జోర్డాన్ అనే బాస్కెట్‌బాల్ కుర్రాడితో నైకీ కంపెనీ ఒప్పందానికి పిలిచింది. అతనికి వెళ్లడం ఇష్టం లేదు. వాళ్లమ్మ డెలోరిస్ "వాళ్లు చెప్పేది వినడానికైనా వెళ్లాలి" అని పట్టుబట్టి తీసుకెళ్లింది. 1985లో అతని పేరుతో ఎయిర్ జోర్డాన్ బూట్లు బజారుకొచ్చాయి. నేటికీ వాటికి గిరాకీ తగ్గలేదు. చూశారా, ఇందులోనూ ఒక అమ్మ మాట ఉంది.

కంపెనీలు కొన్ని రకాలని కావాలనే తక్కువ జతలు వదులుతాయి. దొరికినవాళ్లు కొంటారు, దొరకనివాళ్లు ఎక్కువిచ్చి వాళ్ల దగ్గర కొంటారు. ఈ మారు బేరం కోసమే 2016లో అమెరికాలో స్టాక్ఎక్స్ అనే ఆన్‌లైన్ సంత వెలిసింది. మనకీ బూట్లు కొత్తేమీ కాదు. మన రాష్ట్రంలోనే తడ దగ్గర అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

అయితే నేను ఆ అరుదైన జతల జోలికి ఎక్కువగా పోను. ఒకటి నిలిచిపోయినా నా పెట్టుబడంతా ఇరుక్కుపోతుంది. రెండు మూడుసార్లు తొడిగి వదిలేసినవి, సైజు కుదరనివి, అమెరికా బాబాయి పంపినవి నచ్చక అటక మీద పడేసినవి, వెయ్యి నుంచి ఐదు వేల లోపు అమ్ముడుపోయేవి, ఇవే నా సరుకు.

పెద్ద సైట్లలో ఎందుకు పెట్టలేదంటే

మొదట్లో అందరూ ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. వాడిన బూట్లు చాలా సైట్లు తీసుకోవు. తీసుకున్నా కమీషన్, రవాణా పోగా మిగిలేది తక్కువ. కొన్నవాళ్లు తిప్పి పంపితే ఆ ఖర్చూ మన నెత్తినే. పైగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. మన రాష్ట్రం లోపలే అమ్ముకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా ఆ నమోదు అవసరం ఉండదు.

అందుకని నేను ఊరు దాటలేదు. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం క్వార్టర్లు, అటు ఎంవీపీ కాలనీ దాకా. వాట్సాప్‌లో ఒక గ్రూపు, అందులో తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ముందు గదిలో జతలు పరుస్తాను. పిల్లలు వచ్చి తొడుక్కుని, నాలుగడుగులు వేసి చూసుకుంటారు. తొడిగి చూసి కొన్నది తిరిగి రాదు. పెద్ద సైటుకి లేని సదుపాయం మన ముందు గదికి ఉందన్నమాట!

కొందరు జత నా దగ్గర పెట్టి వెళ్తారు. అమ్ముడైతే నూటికి పదిహేను రూపాయలు నాకు, మిగతాది వాళ్లకి. నలభై రోజుల్లో పోకపోతే జత తిరిగిచ్చేస్తాను. చేతిలో డబ్బు లేకుండా మొదలుపెట్టాలనుకునే చెల్లెళ్లకి ఇదే మంచి దారి.

నేను దెబ్బతిన్న సంగతి

ఇది చెప్పకుండా దాటేస్తే మీకు అన్యాయం చేసినట్టే. రెండో ఏడాదిలో ఒక వ్యాపారి మూడు కొత్త జతలు తెచ్చాడు. జత 4,200. పెట్టెలున్నాయి, బిల్లు లేదు. "మీలాంటి వాళ్లకి బిల్లెందుకమ్మా" అన్నాడు. ఆశపడ్డాను. ఒక జత మా ఎదురు వాటా ఆవిడ కొడుక్కి 6,500కి అమ్మాను. నలభై రోజులకే అడుగు ఊడిపోయింది.

ఆవిడ గొడవపడలేదు. బూటు సంచీలో తెచ్చి, "వదినగారూ, ఇది చూడండి" అని బల్ల మీద పెట్టి కూర్చుంది. ఆ నిమిషం నాకు నేల మీద నిలబడ్డట్టు లేదు. లోపల నాలిక మీద చీటీలో ఉన్న నంబరు ఒకటి, పెట్టె మీద నంబరు ఇంకొకటి. అవి నకిలీవి. కొనేనాడే ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది.

6,500 ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాను. మిగిలిన రెండు జతల సంగతేమిటి? "ఫస్ట్ కాపీ అని చెప్పే అమ్మెయ్యండి, తెలిసే కొంటారు" అని ఒకరు సలహా ఇచ్చారు. అలా చెప్పి అమ్మినా నేరమే. 1999 ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నకిలీ సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఇంకో తల్లి అలా సంచీ పట్టుకుని నా గుమ్మంలోకి రావడం నాకిష్టం లేదు. మూడు జతలూ కత్తెరతో కోసి పారేశాను. 12,600 రూపాయలు నీళ్లపాలు. ఆ రాత్రి మావారు ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ కలిగించింది.

నాలుగు నెలలు పట్టింది ఆ డబ్బు మళ్లీ కూడడానికి. అప్పటినుంచి ఈ నియమాలు తప్పను:

● బిల్లు లేని కొత్త జత కొనను. బిల్లు ఫోన్‌లో ఉన్నా సరే, ఉండాలి.
● పెట్టె మీద నంబరు, బూటు లోపలి చీటీ మీద నంబరు, సైజు మూడూ కలవాలి. కలిసినంత మాత్రాన అసలైనదని కాదు, కలవకపోతే మాత్రం అక్కడితో బేరం ఆపేస్తాను.
● రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి కుట్లు చూస్తాను. జిగురు మరకలు, ఘాటు వాసన ఉంటే వద్దంటాను.
● బజారు ధరలో సగానికి కొత్త జత ఇస్తామంటే కారణం అడుగుతాను.
● విదేశాల నుంచి బంధువులు తెచ్చే సామానుకి సుంకం మినహాయింపు సొంత వాడకానికే. అమ్మకానికి పెట్టెల కొద్దీ తెమ్మని ఎవరినీ ఇబ్బంది పెట్టను.

మన ఊరి చెమ్మతో జాగ్రత్త

విశాఖలో ఉంటున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పప్పు డబ్బాలోకే చెమ్మ చేరుతుంది, బూటుకి చేరదా? కొన్ని బూట్ల అడుగులో పాలీయురేథేన్ అనే నురుగు పదార్థం వాడతారు. గాలిలోని తేమకి అది ఏళ్ల తరబడి లోలోపల పాడవుతుంది. తొడగకుండా పెట్టెలో దాచినా సరే, ఒకరోజు పాత బిస్కట్‌లా పొడి రాలుతుంది. అందుకే పాత జత తీసుకునేముందు అడుగు పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనిపించినా, వేలికి జిగట తగిలినా వద్దు. చీటీ మీద తయారైన తేదీ ఉంటే అదీ చూడండి.

శుభ్రం చేయడం మనకి వంటింటి పనంత తేలిక. తాళ్లు, లోపలి అట్ట విడిగా తీసెయ్యాలి. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ కలిపి, పాత టూత్ బ్రష్షుతో మెల్లగా రుద్దాలి. తెల్ల రబ్బరు అంచుకి తెల్ల టూత్ పేస్టు చాలు. నూగు తోలు బూటుకి మాత్రం నీళ్లు తగలనివ్వకండి. పొడి బ్రష్షుతో దులిపి, మరకని పెన్సిలు రబ్బరుతో తుడవాలి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దు, జిగురు వదిలేస్తుంది. లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే తెలుపు పచ్చబడుతుంది. వాసన పోవడానికి రాత్రి ఒక చెంచా వంట సోడా లోపల చల్లి, పొద్దున దులిపెయ్యండి. మందు సీసాల్లో, కొత్త సంచుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పెట్టెల్లో వేసుకోండి. చంటిపిల్లలకి మాత్రం అందనివ్వకండి.

కుట్టు పని నాకు రాదు. పాత గాజువాకలో బూట్లు కుట్టే ఒక తాత ఉన్నాడు. జతకి ఎనభై, వంద తీసుకుంటాడు. ఏ అడుగు నిలుస్తుందో, ఏది నిలవదో నాకు నేర్పింది ఆయనే.

సైజు గోల

ఏడో నంబరు అంటే అన్నిచోట్లా ఒకటే అనుకోకండి. నైకీలో మగపిల్లల ఇంగ్లండు 7 అంటే అమెరికా 8. అడిడాస్‌లో అదే 7 అమెరికా లెక్కలో ఏడున్నర. కాబట్టి సెంటీమీటర్లు అడగడం మంచిది. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి గీత గీయించండి. మడమ నుంచి పొడుగాటి వేలి దాకా కొలవండి.

లెక్క పుస్తకం

మొన్న అమ్మిన ఒక జత సంగతి చెప్తాను. కొన్నది 2,200. తాత కూలి 80, కొత్త తాళ్లు 100, ఆటో 120. మొత్తం 2,500. అమ్మింది 3,100. మిగులు 600. ఇలాంటివి నెలకి ఎనిమిదో తొమ్మిదో పోతాయి. అన్నీ 600 మిగల్చవు. కొన్ని కొన్న ధరకే వదిలించుకోవాలి. కాలేజీలు తెరిచే రోజులు, దసరా, సంక్రాంతి బాగుంటాయి. పరీక్షల నెలలో ఒక్కడూ రాడు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు కొత్త బూట్ల మీద జీఎస్టీ 5 శాతమైంది. అంతకుముందు వెయ్యి దాటితే 18 శాతం ఉండేది. కొత్తవే చవకైతే వాడినవాటికి పాత ధర ఎవరిస్తారు? ఆ నెలలో నా దగ్గరున్న ఆరు జతల ధర తగ్గించక తప్పలేదు. బజారు కొత్త ధరలు వారానికోసారి చూస్తుండాలి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపిస్తే జత ఇవ్వకండి. మన బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే ఇవ్వండి. డబ్బు రావడానికి పిన్ నొక్కమని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యండి. అరువు అసలే వద్దు. చీరల వ్యాపారం చేసి వాయిదాలు రాక వదిలేసిన అక్కలు మనకి తెలియనివాళ్లా?

ఆ ఎదురు వాటా ఆవిడ సంగతి చెప్పడం మరిచాను. నకిలీ జత పోయిన మూడు నెలలకి వాళ్లబ్బాయి మళ్లీ ఆదివారం మా గదికి వచ్చాడు, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని. "ఆంటీ దగ్గరైతే తేడా వస్తే డబ్బులిచ్చేస్తారు" అని వాళ్లకి చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. ఆ 12,600 లెక్క పుస్తకంలో ఇంకా ఎర్ర సిరాతోనే ఉంది. కొట్టెయ్యలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు పెట్టుబడి కోసం చూడకండి. మీ ఇంట్లో చెప్పుల స్టాండు, అటక, మంచం కింద వెతకండి. పిల్లలు తొడగని జత ఒకటైనా ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, లోపముంటే లోపం చెప్పి, న్యాయమైన ధరకి అమ్మి చూడండి. ఆ మొదటి జత మీకు నప్పితే రెండోది దానంతటదే మీ గుమ్మం దగ్గరికి వస్తుంది.