అంగడి మొగము: అద్దమా, నాపరాయా?

డోన్ నుండి నంద్యాలకు పోవు రైలు బేతంచెర్లను సమీపించునప్పటికి, కోసి పేర్చిన నాపబండల దొంతరలు ప్రయాణికుని కంటబడును. ఆ బండలు దూరప్రాంతముల ఇండ్లలో నేలగా పరువబడుచున్నవి. వాటికి పుట్టినిల్లయిన ఈ సీమలో మాత్రము నేడు లేచుచున్న పెద్ద అంగళ్ల ముఖభాగమునకు అద్దములును, అల్యూమినియపు పలకలును దిగుమతి యగుచున్నవి. ఫర్నిచరు షోరూములే ఇందుకు తార్కాణము. డోన్ వంటి ఊరిలో అట్టి అంగడి కట్టదలచిన వర్తకుడు మొగమునకు దేనిని వాడవలెను? ఇది కేవలము అందచందముల ప్రశ్న కాదు. సామాను మన్నికయు, కొన్ని వేళల మనుష్యుల ప్రాణములును దీనిపై ఆధారపడియున్నవి.

అద్దమును కోరు వర్తకుని వాదము న్యాయమైనదే. మంచమును నెత్తిన బెట్టుకొని వీధివీధి త్రిప్పలేము గదా! దారిన పోవువాడు లోపలి సామానును చూచిన గాని గడప ద్రొక్కడు. కరగిన తగరముపై గాజును తేల్చి పలకగా చేయు పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో వెల్లడించిన పిదప, నునుపైన పెద్ద అద్దములు సులభసాధ్యములైనవి. అయితే ఎండ అద్దమును దాటి లోనికి వచ్చును. దానితో వేడెక్కిన నేలయు, సామానును వెలువరించు ఉష్ణమును అద్దము నేరుగా బయటికి పోనీయదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన సీమలో ఆ వేడిని తోడిపోయుటకు శీతలయంత్రములు పగలంతయు పనిచేయవలసివచ్చును.

ఒక ఊరి అంగడిలో నేను టేకుబల్ల నొకదానిని బేరమాడితిని. పైనున్న పూలకుండీని తీసి చూడగా దాని అడుగున గుండ్రని మచ్చ! మచ్చ యున్నచోటనే అసలు రంగు మిగిలినది. తక్కిన బల్లయంతయు ఎండకు మారిపోయినది. రెండు గాజుల నడుమ ప్లాస్టిక్ పొర నిడిన అద్దము అతినీలలోహిత కిరణములను దాదాపు పూర్తిగా అడ్డును. కాని కంటికి గోచరించు వెలుతురు సైతము రంగును కొంత హరించును. కనుక నీడకు మించిన మందు లేదు.

నీడ విషయమున దిక్కే ప్రధానము. డోన్ సుమారు 15న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. దక్షిణపు మొగమున 10 అడుగుల అద్దమునకు 3 అడుగుల సజ్జ వేసినచో మార్చి మూడవ వారము నుండి సెప్టెంబరు మూడవ వారము వరకు మధ్యాహ్నపుటెండ దానిపై బడదు. పడమటి మొగమునకు ఈ ఉపాయము చెల్లదు. సాయంకాలము వాలిన సూర్యుడు సజ్జ క్రిందుగా లోనికి చొచ్చుకొనివచ్చును. అచ్చట అద్దమును తగ్గించి, నిలువు పలకలనో, రాతి జాలకములనో నిలుపుట మేలు.

ఇక అల్యూమినియపు పలకలు. రెండు పలుచని రేకుల నడుమ వేరొక పదార్థమును ఇరికించి వీటిని చేయుదురు. ఆ నడిమి పదార్థమేమో అడిగి తెలిసికొనవలెను. అది వట్టి పాలిథీన్ అయినచో మంటకు ఇంధనమగును. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరునకు తొడిగిన అట్టి పలకల మీదుగా మంట ఎగబ్రాకి 72 మందిని బలిగొన్నది. ఫర్నిచరు అంగడిలో లోపల నున్నదియు కర్ర, గుడ్డ, నురుగుదిండ్లే గదా! 2007 జూన్ 18న అమెరికాలోని చార్లెస్టన్ నగరమున ఒక ఫర్నిచరు అంగడి అంటుకొని 9 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. అందు నీరు చిమ్మి మంటలార్పు సాధనములు లేవు. ముందరి అద్దములు పగిలిన పిమ్మట లోనికి గాలి చొరబడి మంట పెచ్చుపెరిగెనని తరువాతి పరిశోధనలో తేలినది. కావున ముందు అద్దము ఎంత పెద్దదైనను, వెనుక వేరొక ద్వారము తప్పక యుండవలెను.

నాపరాయి మండదు, వెలిసిపోదు. పొరలు పొరలుగా నేలలో నుండుటచే చీలికలు తీయుట సులువు. మన పాత మిద్దెలకు గోడలును, పైకప్పును ఈ బండలే. అయినను నాటి గోడ మందము వేరు, నేడు అంటించు అంగుళపు పలక వేరు. పలుచని పలక ఒక్కటే వేడిని ఆపదు. గోడకును దానికిని నడుమ గాలి యాడు ఖాళీ విడిచిననే ప్రయోజనము. నల్లని బండ ఎండను మింగును గనుక పడమట లేత రంగు రాయి మంచిది. చదరపు అడుగు పలక అంగుళపు మందమున 6 కిలోలకు పైగా తూగును. దానిని వట్టి సిమెంటుతో ఎత్తున అతికించుట ప్రమాదకరము; తుప్పుపట్టని ఉక్కు కొక్కెములతో బిగింపవలెను. ఇది సున్నపురాయి జాతి కనుక ఆమ్లముతో కడుగరాదు. కడిగినచో నునుపు పోవును.

వ్యయము తగ్గింపదలచిన వర్తకుడు వీధివైపు క్రిందిభాగమున మాత్రము, అదియును సజ్జ నీడలో, అద్దము నిలిపి పై అంతస్తులను రాతికి విడువవచ్చును. ఆ సజ్జ క్రింద నాపబండతో ఒక అరుగు వేయించినచో బస్సుకై వేచియున్నవారు వచ్చి కూర్చుందురు. కూర్చున్నవారి చూపు అద్దము వంకకు మరలక మానదు.