నెట్‌వర్క్ ప్రయోగశాలలో అక్షరాభ్యాసం

ఇంటర్నెట్‌కు సంబంధించిన కొత్త ఆలోచన ఏదైనా పనికొస్తుందో లేదో తేలాలంటే దాన్ని నిజమైన యంత్రాల మీద, నిజమైన దూరాల మధ్య నడిపి చూడాలి. నలుగురూ వాడుకుంటున్న ఇంటర్నెట్ మీద అలాంటి ప్రయోగాలకు ఎవరూ ఒప్పుకోరు. బ్యాంకులు, ఆస్పత్రులు, రైల్వే రిజర్వేషన్లు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి మరి. అందుకే పరిశోధకుల కోసం విడిగా నెట్‌వర్కులు కట్టారు. వీటిని టెస్ట్‌బెడ్‌లు అంటారు. వేర్వేరు ఊళ్లలో ఉంచిన సర్వర్లు, స్విచ్‌లు, వాటిని కలిపే ఫైబర్ లైన్లు వీటి ఆస్తి. పరిశోధకుడు అడిగితే ఇందులోంచి అతనికి కావలసినంత భాగాన్ని కొంతకాలానికి కేటాయిస్తారు. ఆ భాగం పేరు స్లైస్. ఒకే సమయంలో వందల స్లైస్‌లు పక్కపక్కనే నడిచినా ఒకరి ప్రయోగం మరొకరికి అడ్డు రాకుండా ఏర్పాటు ఉంటుంది.

ఇంత ఖరీదైన సౌకర్యం ఉచితంగా దొరికినా దాన్ని వాడటం అందరికీ చేతకాదు. లినక్స్ ఆదేశాలు తెలియాలి, దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్ తాళాలు తయారుచేసుకోవాలి, ఐపీ చిరునామాలు, రూటింగ్ అర్థం కావాలి, కొంత పైథాన్ రావాలి. ఇంటర్నెట్‌లో డేటాను నమ్మకంగా చేరవేసే టీసీపీ పద్ధతి గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాయగల విద్యార్థి కూడా మొదటి రోజు లాగిన్ దగ్గరే ఆగిపోవచ్చు. వాడేవాళ్లు లేకపోతే యంత్రాలు ఖాళీగా పడి ఉంటాయి. అందువల్ల టెస్ట్‌బెడ్ నడిపే ప్రతి సంస్థా శిక్షణను నిర్వహణలో భాగంగానే చూస్తుంది.

ఇరవై ఏళ్ల అనుభవం

అమెరికాలో ఈ తరహా ఉమ్మడి ప్రయోగశాలలు 2000 ప్రాంతంలో ఊపందుకున్నాయి. యూటా విశ్వవిద్యాలయం ఎమ్యులాబ్‌ను నిర్మించింది. 2002లో ప్రిన్స్‌టన్, బర్కిలీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లానెట్‌ల్యాబ్‌కు శ్రీకారం చుట్టారు. స్లైస్ అనే మాట వాడుకలోకి వచ్చింది ప్లానెట్‌ల్యాబ్‌తోనే. వివిధ దేశాల సంస్థలు తలా రెండు మూడు కంప్యూటర్లు ఇచ్చి, అందరి కంప్యూటర్లనూ ఉమ్మడిగా వాడుకునే పద్ధతి అది. ప్లానెట్‌ల్యాబ్ కంప్యూటర్లు అసలు ఇంటర్నెట్‌కే కలిసి ఉండేవి. అక్కడొక చిక్కు వచ్చింది. ఎవరో విద్యార్థి కొలతల కోసం వేల చిరునామాలకు ప్యాకెట్లు, అంటే చిన్న డేటా ముక్కలు, పంపితే, అవతలి నెట్‌వర్కుల నిర్వాహకులు దాన్ని హ్యాకింగ్ ప్రయత్నంగా భావించి ఫిర్యాదు చేసేవారు. ప్రయోగం ఎలా చేయాలన్న దానితో పాటు ఇతరులకు ఇబ్బంది లేకుండా ఎలా చేయాలో కూడా నేర్పాలని ఆ ఫిర్యాదులతో స్పష్టమైంది.

శిక్షణకు పద్ధతిగా ఒక చట్రం ఏర్పడింది జీని అనే ప్రాజెక్టులో. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచిన ఈ ప్రాజెక్టు కార్యాలయాన్ని 2007లో మసాచుసెట్స్‌లోని బీబీఎన్ సంస్థకు అప్పగించారు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కోసం 1969లో ప్యాకెట్లను మళ్లించే తొలి యంత్రాలను తయారుచేసిన సంస్థ ఇదే. జీని పేరుతో ఏడాదికి మూడుసార్లు ఇంజినీరింగ్ సమావేశాలు జరిగేవి. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు సంస్థలు ఆతిథ్యం ఇచ్చేవి. అక్కడ యంత్రాలను నిర్మించే ఇంజినీర్లు తమ చర్చలు సాగిస్తుంటే, పక్క గదుల్లో కొత్తవారికి ట్యుటోరియల్ తరగతులు నడిచేవి. సాయంత్రం ప్రదర్శనలో పరిశోధక బృందాలు బల్లల మీద తమ ప్రయోగాలను నడిపి చూపేవి. సందేహం వచ్చిన విద్యార్థికి ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మనిషే ఎదురుగా దొరికేవాడు. ఈ సమావేశాల అసలు ప్రయోజనం అదే.

తొలి పాఠం

ఇప్పుడు అమెరికాలో పెద్ద నెట్‌వర్క్ టెస్ట్‌బెడ్ ఫ్యాబ్రిక్. 2019లో 2 కోట్ల డాలర్ల సైన్స్ ఫౌండేషన్ నిధులతో దీన్ని ప్రకటించారు. నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన రెన్సీ సంస్థ నాయకత్వంలో కెంటకీ, క్లెమ్సన్, ఇలినాయ్ టెక్ విద్యాసంస్థలు, అమెరికా ఇంధన శాఖ వారి పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్ కలిసి దీన్ని నిర్మించాయి. సాల్ట్‌లేక్ సిటీ, డాలస్, షికాగో, వాషింగ్టన్ వంటి నగరాలతో పాటు బ్రిస్టల్, ఆమ్‌స్టర్‌డామ్, టోక్యో, జెనీవా దగ్గరి సెర్న్ వరకూ ఇది విస్తరించింది. ‘నిట్’ పేరుతో దీని వినియోగదారులకు వర్క్‌షాప్‌లు జరుగుతుంటాయి.

ఇలాంటి వర్క్‌షాప్‌లో తొలి పూట దాదాపు ఒకే క్రమంలో సాగుతుంది. ముందుగా ఖాతా, అనుమతులు. ఒక అధ్యాపకుడో పరిశోధకుడో ప్రాజెక్టు తెరుస్తారు, విద్యార్థులను అందులో చేర్చుకుంటారు. దుర్వినియోగం జరిగితే జవాబుదారీ ఎవరో తెలియాలి కాబట్టి ఈ పద్ధతి. తర్వాత ఎస్ఎస్‌హెచ్ తాళాలు. రెండు ఫైళ్లుగా వచ్చే ఈ తాళాల్లో ఏది తన దగ్గర దాచుకోవాలో, ఏది అవతలికి ఇవ్వాలో తెలియక కొత్తవాళ్లు తికమక పడతారు. చాలా వర్క్‌షాప్‌లలో ఈ పనులన్నీ వారం ముందే చేసుకు రమ్మంటారు. లేకపోతే సగం పూట వీటికే సరిపోతుంది.

ఆపైన జూపిటర్ నోట్‌బుక్ తెరుస్తారు. వివరణ, పైథాన్ కోడ్ ఒకే పేజీలో గళ్లుగళ్లుగా ఉంటాయి. ఒక్కో గడిలోని కోడ్‌ను నడుపుతూ ముందుకు వెళ్లాలి. మొదటి గడిలో స్లైస్‌కు పేరు పెడతారు. తర్వాతి గడిలో సాల్ట్‌లేక్ సిటీలో ఒక కంప్యూటర్, వాషింగ్టన్‌లో ఒక కంప్యూటర్ కావాలని అడుగుతారు. ఆ రెంటినీ ఒక లైనుతో కలపమని మరో గడిలో రాస్తారు. చివరి గడి నడిపితే అభ్యర్థన వెళ్తుంది. కొన్ని నిమిషాల్లో రెండు యంత్రాలూ సిద్ధమని తెరమీద కనిపిస్తుంది. ఒకదానికి 192.168.1.1, రెండోదానికి 192.168.1.2 అని చిరునామాలు ఇచ్చి, పింగ్ ఆదేశంతో ఒకదాని నుంచి మరొకదాన్ని పలకరిస్తారు.

పింగ్ చూపే అంకె దగ్గర మొదటి అసలు పాఠం ఉంటుంది. రెండు నగరాల మధ్య సూటి దూరం దాదాపు 3,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే వెళ్లడానికి 15, రావడానికి 15, మొత్తం 30 మిల్లీసెకన్లకు తగ్గి జవాబు రావడం అసాధ్యం. ఫైబర్ లైన్లు సూటిగా వేసి ఉండవు కనుక నిజంగా వచ్చే అంకె ఇంకా ఎక్కువే ఉంటుంది. తెర మీద ఒకటో రెండో మిల్లీసెకన్లు కనిపిస్తే సంతోషించాల్సింది లేదు. రెండు యంత్రాలూ ఒకే ఊళ్లో పెట్టి ఉంటారన్నమాట.

కొత్తవాళ్లు తప్పనిసరిగా చేసే పొరపాట్లు రెండున్నాయి. ప్రతి యంత్రానికీ సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి లాగిన్ కోసం వాడే నియంత్రణ మార్గం, రెండోది ప్రయోగానికి కేటాయించిన మార్గం. ప్రయోగం మార్గాన్ని ఆపబోయి నియంత్రణ మార్గాన్ని ఆపేస్తే యంత్రంలోకి మళ్లీ వెళ్లడానికి దారి ఉండదు. చాలాసార్లు స్లైస్ తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. రెండో పొరపాటు మరింత ప్రమాదకరం. కొలతలను ప్రయోగం మార్గంలో కాక నియంత్రణ మార్గంలో తీయడం. అంకెలు వస్తాయి, గ్రాఫులు చక్కగా కనిపిస్తాయి, కానీ అవి వేరే నెట్‌వర్క్ అంకెలు. పక్కన అనుభవజ్ఞుడు ఉంటే ఈ తప్పు అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. లేకపోతే ఆ అంకెలే పరిశోధన పత్రంలోకి ఎక్కే ప్రమాదం ఉంది.

వంద మిల్లీసెకన్ల ప్రయోగం

తొలి పాఠం తర్వాత ఎక్కువగా చేయించే అభ్యాసం టీసీపీ వేగం మీద ఉంటుంది. రెండు యంత్రాల మధ్య సెకనుకు ఒక గిగాబిట్ మోయగల లైను ఉందనుకుందాం. ఐపెర్ఫ్ అనే పరికరంతో కొలిస్తే దాదాపు అంత వేగమూ వస్తుంది. తర్వాత లినక్స్‌లోని నెటెమ్ సౌకర్యంతో రానూపోనూ ప్రయాణానికి వంద మిల్లీసెకన్లు పట్టేలా కృత్రిమంగా ఆలస్యం కలుపుతారు. జవాబు అందకముందే పంపగలిగే డేటాను, అంటే విండోను, 64 కిలోబైట్లకు పరిమితం చేస్తారు. మళ్లీ కొలిస్తే వేగం సెకనుకు అయిదు మెగాబిట్ల చిల్లరకు పడిపోతుంది.

లైను మారలేదు, యంత్రాలు మారలేదు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఒక్కో విడత డేటా వెళ్లి జవాబు రావడానికి వంద మిల్లీసెకన్లు కాబట్టి సెకనులో పది విడతలే సాధ్యం. విడతకు 64 కిలోబైట్ల చొప్పున సెకనుకు 640 కిలోబైట్లే వెళ్తాయి. లైను నిండాలంటే ఏ క్షణాన చూసినా దారిలో 12.5 మెగాబైట్ల డేటా ఉండాలి. పుస్తకంలో ఒక సూత్రంగా కనిపించే ఈ విషయాన్ని విద్యార్థి తన చేత్తో తీసిన కొలతలో చూస్తాడు. ఆ తర్వాత విండో పెంచి, కొన్ని ప్యాకెట్లను కావాలని పారేసి, క్యూబిక్, బీబీఆర్ వంటి వేగనియంత్రణ పద్ధతులు ఎలా భిన్నంగా ప్రవర్తిస్తాయో పోల్చి చూస్తారు. ఒక పూటలో ముగిసే ఈ అభ్యాసం నుంచే కొందరు తమ పరిశోధన ప్రశ్నను ఎంచుకుంటారు.

ఎవరికి ఏ శిక్షణ

అందరికీ ఒకే పాఠం పనికిరాదు. అప్పుడే పరిశోధనలోకి వచ్చినవారికి పెద్ద సదస్సులకు అనుబంధంగా సగం రోజు ట్యుటోరియల్స్ ఉంటాయి. ఒక ప్రత్యేక సాంకేతికత నేర్చుకోవాలనుకునేవారికి కొద్ది రోజుల శిబిరాలు ఉంటాయి. స్విచ్ లోపల ప్యాకెట్లను ఎలా మళ్లించాలో ప్రోగ్రామ్ రాసే పీ4 భాష మీద సౌత్ కెరొలైనా విశ్వవిద్యాలయం నిర్వహించే శిక్షణ ఈ కోవలోదే. సాల్ట్‌లేక్ సిటీలోని పౌడర్ అనే వైర్‌లెస్ టెస్ట్‌బెడ్ ‘మొబైల్ అండ్ వైర్‌లెస్ వీక్’ పేరుతో తన వినియోగదారులను ఒకచోట చేరుస్తుంది.

అధ్యాపకులకు ఇచ్చే శిక్షణ తీరు వేరు. ప్రయోగం చేయడం వారికి వచ్చే ఉంటుంది. నలభై మంది విద్యార్థుల చేత ఒకేసారి చేయించడం ఎలా, తప్పు ఎక్కడుందో త్వరగా పట్టుకోవడం ఎలా అన్నవే వారి సమస్యలు. ల్యాబ్ చూసుకునే టీచింగ్ అసిస్టెంట్లకూ ఇదే అవసరం. ఒక అధ్యాపకుడికి నేర్పితే ఆయన ఏటా ఒక బ్యాచ్‌కు నేర్పుతారు. కాబట్టి పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ శిక్షణే.

న్యూయార్క్‌లోని కాస్మోస్ టెస్ట్‌బెడ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. రట్గర్స్, కొలంబియా, న్యూయార్క్ విశ్వవిద్యాలయాలు కలిసి నిర్మించిన ఈ వైర్‌లెస్ ప్రయోగశాల పాఠశాల ఉపాధ్యాయులకు వేసవిలో శిక్షణ ఇచ్చి, వారి చేత గణితం, సైన్స్ పాఠాలకు పనికొచ్చే ప్రయోగాలు తయారుచేయించింది. నార్త్ కెరొలైనాలోని ఏర్‌పా అనే డ్రోన్ల టెస్ట్‌బెడ్ 2023లో విద్యార్థి బృందాలకు పోటీ పెట్టింది. ఎక్కడో దాచిన రేడియో వాహనాన్ని డ్రోన్ తనంతట తాను వెతికి పట్టుకునేలా ప్రోగ్రామ్ రాయాలి. అక్కడ నిజమైన డ్రోన్ ఎగరడానికి ముందు కోడ్‌ను కంప్యూటర్‌లోని నమూనాలో నడిపి నిరూపించాలి.

నిర్వహణలో చిక్కులు

వర్క్‌షాప్ నిర్వాహకులకు పెద్ద బెంగ యంత్రాల లభ్యత. గదిలో యాభై మంది ఒకేసారి తలా మూడు కంప్యూటర్లు అడిగితే, వాడుకలో ఉన్నవి పోగా మిగిలినవి చాలకపోవచ్చు. అందుకే క్లౌడ్‌ల్యాబ్, కమీలియన్ వంటి టెస్ట్‌బెడ్‌లలో తేదీ, సమయం చెప్పి ముందుగానే యంత్రాలను రిజర్వ్ చేసుకునే వీలుంది. సైన్స్ ఫౌండేషన్ 2014లో ప్రకటించిన టెస్ట్‌బెడ్‌లే ఈ రెండూ.

రెండో చిక్కు పాఠ్యసామగ్రి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారితే నిరుడు నడిచిన నోట్‌బుక్ ఈ ఏడు నడవకపోవచ్చు. ప్రతి వర్క్‌షాప్‌కు ముందు ఎవరో ఒకరు అన్నీ కొత్తగా నడిపి సరిచూడాలి. మూడోది టెస్ట్‌బెడ్‌ల ఆయుష్షు. నిధులు ఆగితే ఇవీ ఆగుతాయి. ప్లానెట్‌ల్యాబ్ 2020లో మూతపడింది, జీని 2023లో ముగిసింది. అయినా అక్కడ నేర్చుకున్నది వృథా కాలేదు. స్లైస్ అడగడం, కొలతలు తీయడం, ఫలితాన్ని మరొకరు తిరిగి రాబట్టగలిగేలా రాసిపెట్టడం వంటి అలవాట్లు తర్వాతి టెస్ట్‌బెడ్‌లో యథాతథంగా పనికొస్తాయి.

చివరిగా, ప్రతి శిబిరంలోనూ నొక్కి చెప్పే నియమం ఒకటుంది. పని కాగానే స్లైస్‌ను తొలగించాలి. మరచిపోయిన స్లైస్ గడువు తీరేదాకా యంత్రాలను పట్టుకుని కూర్చుంటుంది, అవసరమున్న ఇంకొకరికి అవి దక్కవు. వర్క్‌షాప్‌లో చివరి గడి ఎప్పుడూ తొలగింపు ఆదేశమే.

మన విద్యార్థులకు దారి

భారతదేశంలో ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో ఎనిమిది సంస్థలు నిర్మించిన 5జీ టెస్ట్‌బెడ్‌ను 2022 మే 17న ప్రారంభించారు. ఆ ఎనిమిదింటిలో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. 2023లో దేశవ్యాప్తంగా వంద విద్యాసంస్థలకు 5జీ ల్యాబ్‌లు ప్రకటించారు. పరికరాలు వచ్చిన ప్రతిచోటా వాటిని వాడటం నేర్పే మనుషులూ ఉంటేనే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఈ లోగా టెస్ట్‌బెడ్ అందుబాటులో లేదని ఏ విద్యార్థీ ఆగిపోనక్కర్లేదు. మినీనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు ల్యాప్‌టాప్‌లోనే కొన్ని కంప్యూటర్లు, స్విచ్‌లు ఉన్న నెట్‌వర్కును సృష్టించుకోవచ్చు. పైన చెప్పిన వంద మిల్లీసెకన్ల ప్రయోగం అందులోనూ చేయవచ్చు. అది ఒకసారి చేసి, కొలతలు రాసుకుని, లెక్కతో సరిచూసుకున్నవారు ఏ వర్క్‌షాప్‌కు వెళ్లినా తొలి పూట తడబడరు.