పచ్చి కూరగాయల బాక్టీరియా కాలుష్యం

పచ్చి కూరగాయల బాక్టీరియా కాలుష్యం అనగా పొలం నుండి వంటింటికి చేరేలోపు కాయగూరలు, ఆకుకూరల పైన, ఒక్కొక్కప్పుడు వాటి లోపల కూడా వ్యాధికారక బాక్టీరియా చేరుట. బాగా ఉడికించి తినే కూరలలో దీని వలన భయం తక్కువ; ఆ వేడికి ఈ సూక్ష్మజీవులు త్వరగా నశిస్తాయి. పచ్చిగా తినే కీరదోస, క్యారెట్, ఉల్లి, టమాటాలు, కూర దించిన తరువాత పైన చల్లే కొత్తిమీర విషయంలో మాత్రం కడగడమే ప్రధాన రక్షణ. అది సంపూర్ణ రక్షణ కాదు.

కలుషితమయ్యే మార్గాలు

మట్టిలో సహజంగా ఉండే బాక్టీరియాలో అధికభాగం మనిషికి హాని చేయవు. హాని చేసే సాల్మొనెల్లా, షిగెల్లా, కొన్ని రకాల ఇ.కోలై ముఖ్యంగా మనుషుల లేదా పశుపక్ష్యాదుల పేగుల నుండి వస్తాయి. మురుగు కలిసిన సాగునీరు, సరిగా చివకని పశువుల ఎరువు వీటిని పైరుకు చేరుస్తాయి. హైదరాబాదు మురుగు కలిసే మూసీ నది నీటితో నగరానికి దిగువన వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండించడం ఇందుకు తెలిసిన ఉదాహరణ. కోత తరువాత కట్టలను కాలువ నీటిలో ముంచడం, నేలపై రాశి పోయడం, వాడిపోకుండా రోజంతా ఒకే బకెట్టులోని నీటిని చిలకరించడం కూడా కాలుష్యాన్ని పెంచుతాయి. కంటికి నవనవలాడుతూ కనిపించే తోటకూర కట్ట శుభ్రమైనదని చెప్పలేము.

వ్యాధి వ్యాప్తి

2006లో అమెరికాలో పాలకూర వలన ఇ.కోలై ఓ157:హెచ్7 అనే రకం వ్యాపించి సుమారు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. 2011లో జర్మనీలో మరొక రకం ఇ.కోలై వలన 3,800 మందికి పైగా అస్వస్థులయ్యారు. 50 మందికి పైగా చనిపోయారు. మొదట నింద స్పెయిన్ కీరదోసకాయలపై పడి అక్కడి రైతులు తీవ్రంగా నష్టపోయారు. చివరకు కారణం మొలకెత్తించిన మెంతులని తేలింది. మొలకలకు కావలసిన తేమ, వెచ్చదనమే బాక్టీరియాకూ అనుకూలం. అనువైన పరిస్థితులలో ఇ.కోలై దాదాపు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది.

శుభ్రపరచే విధానం

ముందుగా చేతులు సబ్బుతో కడుగుకోవాలి. ఆకుకూరల వేళ్ళు, కుళ్ళిన ఆకులు తీసివేసి, వెడల్పు గిన్నెలో నీటిలో జాడించి, ఆకులను పైకి తీయాలి. ఆకులతో సహా నీటిని వంపితే అడుగున చేరిన ఇసుక మళ్ళీ ఆకులకే అంటుకుంటుంది. ఇసుక కనబడనంత వరకు నీరు మారుస్తూ, చివరిసారి త్రాగే నీటితో కడగాలి. క్యాబేజీకి పై రేకులు ఒలిచివేయాలి. దుంపలను, కీరదోసను ధారగా పడే నీటి క్రింద రుద్ది కడిగిన తరువాతనే చెక్కు తీయాలి, లేనిచో కత్తి వెంట క్రిములు లోపలికి పోతాయి. ఎండకు వేడెక్కిన టమాటాలను చల్లని నీటిలో ముంచరాదు: లోపలి గాలి సంకోచించి, తొడిమ ఊడిన చోటు నుండి నీటిని, దానితో క్రిములను లోపలికి పీల్చుకుంటుంది.

కడగడం వలన సాధారణంగా పైనున్న బాక్టీరియాలో 90 నుండి 99 శాతం పోతాయి. అయితే ఓ157:హెచ్7 రకం వంద కణాలకు లోపే జబ్బు కలిగించగలదు గనుక మిగిలిన ఆ కొద్ది భాగాన్ని తేలికగా తీసుకోరాదు. ఉప్పు, పసుపు కలిపిన నీరు పురుగులను వదిలించుటకు ఉపయోగపడవచ్చు గాని బాక్టీరియాను చంపుటకు దానిని నమ్ముకోలేము. 2020లో కోవిడ్ భయంతో చాలామంది కూరగాయలను సబ్బు నీటిలో కడిగారు. సబ్బు, డిటర్జెంటు కూరగాయలలోకి ఇంకి కడుపులో చేరుతాయి గనుక వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అప్పట్లో సూచించింది.

కోసిన ముక్కలను వెంటనే తినాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచాలి. మాంసం, చేపలు కోసిన పలకపై పచ్చి కూరగాయలు కోయరాదు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు మొలకలను ఉడికించి తినడం మేలు. గింజలోనే దాగిన క్రిములు ఎంత కడిగినా పోవు.