పరుగెత్తే మాట

అమెరికా నుంచి వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలిని కేకవేసి, భీమవరంలో మా పిన్ని ఒకనాటి సాయంత్రం, "అమ్మడూ, బియ్యం నిండుకున్నాయని నాన్నతో చెప్పవే" అన్నది. అమ్మడికి పదేళ్ళు. తెలుగు బాగానే మాట్లాడుతుంది. తిన్నగా తండ్రి దగ్గరకు వెళ్ళి, "నాన్నా, బియ్యం నిండుగా ఉన్నాయట!" అని చెప్పి వచ్చింది. సంతోషమే కదా అనుకొని ఆయన మళ్ళీ పేపరులో తల దూర్చాడు.

మర్నాడు మా బాబాయి తద్దినం. తెల్లవారుజామున పిన్ని మడి కట్టుకొని డబ్బా మూత తీసేసరికి అడుగున గుప్పెడు గింజలున్నాయి. కొట్లు తెరిచే వేళ కాలేదు. గిన్నె పట్టుకొని నేనే ఎదురింటికి వెళ్ళి రెండు కిలోలు చేబదులు తెచ్చాను. చుట్టూ వరిచేలున్న ఊళ్ళో, యాభై ఏళ్ళ కాపురంలో, ఆ ఇంటికి బియ్యం బదులు తేవడం అదే మొదటిసారి. కార్యం సక్రమంగానే జరిగింది. ఆమె ముఖం మాత్రం చిన్నబోయింది.

"బియ్యం మాటకేమిలే, నా మాటే దానికి అందలేదు చూశావూ" అన్నది నాతో, రహస్యంగా.

సాయంత్రం అరుగు మీద పంచాయితీ పెట్టాము. "అయిపోయాయని చెప్పొచ్చు కదా నానమ్మా! మేము 'రన్ అవుట్' అంటాం" అన్నది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

"బియ్యం రనౌటు కావడమేమిటే, క్రికెట్టా? ఇంట్లో బియ్యం, పసుపు, కుంకుమ అయిపోవు. నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఇంట్లో కూర్చొని 'లేదు' అనకూడదమ్మా" అన్నది పిన్ని.

అమ్మడి నోట వచ్చిన ఆ 'రన్' అనే మూడక్షరాల మాట ఇంగ్లీషులో అసాధ్యమైనది సుమండీ! ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1989 నాటి కూర్పులో పెద్దపీట 'సెట్' అనే మాటది. తరువాత నిఘంటువును తిరగరాస్తూ వచ్చినవారు 'రన్' దగ్గరకు వచ్చేసరికి, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయని 2011లో లోకానికి తెలిసింది. యంత్రాలు వచ్చినకొద్దీ ఆ మాటకు పని పెరిగిందట. రైలు, మిల్లు, మోటారు, ఇప్పుడు కంప్యూటరు, అన్నీ ఇంగ్లీషులో పరుగెత్తేవే.

మరి మనమో? మర్నాడు పొద్దున్న అమ్మడి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి ఊరు చూపించడానికి బయలుదేరదీశాను. ఇంగ్లీషులో 'రన్' అనవలసిన చోటల్లా తెలుగులో ఏమంటారో రాసుకోవాలి. అదీ పందెం.

వీధి మలుపు తిరగకముందే అరపేజీ నిండింది. పిల్లకు ముక్కు కారుతున్నది. గోడగడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తున్నది. కాఫీ హోటలు తండ్రి తరువాత కొడుకు నడుపుతున్నాడు. పల్లెకు వెళ్ళే బస్సు ఈ మధ్య సరిగా తిరగడంలేదు. కొత్త సినిమా ఆడుతున్నది. బియ్యపు మిల్లూ ఆడుతున్నది. "మిల్లు ఆటలాడుతుందా!" అని అమ్మడు పకపకా నవ్వింది. ఇంగ్లీషువాడు పరుగెత్తించిన వ్యాపారాన్ని మనం నడిపిస్తాం. ఈ ఎండల్లో అదే మేలు కాబోలు!

కాలువ గట్టుకు చేరాక నడక ఆగింది. అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. అడుగున కాస్త బురద, దానిలో రెండు కొంగలు. "జూన్‌లో కాలువలు వదులుతారు. అప్పుడు నీరు పారుతుంది" అన్నాను. పారడం, కారడం, పోవడం వేరువేరని చెప్పడానికి గోదావరి డెల్టాలో ఏ పండితుడూ అక్కరలేదు. కాలువ పారాలి. కుండ కారకూడదు. మురుగు పోవాలి. వర్షాలకు యనమదుర్రు డ్రెయిను పొంగి చేల నీరు లాగకపోతే రైతుకు నిద్రపట్టదు. ఇన్ని మాటలకూ బదులు ఇంగ్లీషులో ఒక్క 'రన్' చాలు. కాని ఆ ఒక్క మాటతో, శివారు చేను ఎండిందో మునిగిందో రైతు ఎలా చెప్పుకుంటాడు?

ఇక్కడొక చిత్రం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఈ డెల్టాకు నీరందినది 1852లో. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువు మద్రాసులో అచ్చయినదీ ఆ 1852లోనే. మచిలీపట్నం, రాజమహేంద్రవరాలలో కూడా ఉద్యోగం చేసిన ఆ దొర గ్రంథాలలోని మాటలతో తృప్తిపడక, జనం నోట వినవచ్చే మాటలనూ ఏరి పెట్టుకున్నాడు. ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట ఒక్కటి పెడితే సరిపోదని అటువంటివాడికి వేరే చెప్పాలా?

తిరుగుదారిలో గోడల మీద పాత ఎన్నికల రాతలు కనిపించాయి. అమెరికాలో అభ్యర్థి పదవికోసం పరుగెత్తుతాడు. ఇంగ్లండులో నిలబడతాడు. మనమూ నిలబడతాడనే అంటాం. గెలిచిన తరువాత సంగతి మనకెందుకు?

ఇంటికి వచ్చాక అమ్మడు పుస్తకం తీసి, "ఇల్లు రన్ చేయడం అంటే?" అని అడిగింది. నేను 'నడపడం' అనబోయాను. పిన్ని బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "సంసారం ఈదడం అని రాసుకో" అన్నది. పిల్ల రాసుకొని, పక్కన చిన్న చేప బొమ్మ కూడా వేసింది.

సెలవులు అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. క్రిందటి ఆదివారం అమ్మడు ఫోను చేసింది. "నానమ్మా! మా ఇంట్లో ఉప్పు నిండుకుంది!" అని ఒకటే కేక.

పిన్ని ముఖం చూడాలి! రెండోసారి చెప్పించుకొని మరీ విన్నది. తరువాత గొంతు సవరించుకొని, "మంచిదే గాని అమ్మడూ, ఉప్పు మాత్రం ఎదురింట్లో చేబదులు అడగకండే" అన్నది.