చిలకకొయ్య – వాలెట్ కుర్చీ

కూడు, గుడ్డ, గూడు అనేవి మానవుని ప్రాథమికావసరాలు. గుడ్డను నేయడంతోనే పని తీరదు. విడిచిన గుడ్డను నలగకుండా ఉంచుకోవడమూ అవసరమే. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖద్దరుకు పేరుగన్న ఊరు. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడుకుతారు. అంతటి శ్రమతో తయారైన పంచెను మూలకు విసరివేయడానికి ఎవరికి మనసు వస్తుంది?

పూర్వం మన ఇండ్లలో ఈ అవసరాన్ని చిలకకొయ్య, దండెం తీర్చేవి. గోడలో దిగవేసి, కొసను చిలక ఆకృతిలో చెక్కిన కొయ్యమేకు చిలకకొయ్య. పైకి లేచిన ఆ కొస అలంకారం మాత్రమే కాదు. తగిలించిన ఉత్తరీయం జారిపోకుండా ఆపేది కూడా అదే. దూలానికి రెండు తాళ్లతో వేలాడగట్టిన వెదురుబొంగు దండెం. మడిబట్టలు ఎవరికీ తగలకుండా ఉండేందుకు దానిని ఎత్తుగా కట్టి, కర్రతో బట్టలను ఆరవేసేవారు. ప్రయోజనాన్ని బట్టి రూపం ఏర్పడిందనడానికి ఇవి చక్కని ఉదాహరణలు. అయితే వీటిని మొదట ఊహించిన వడ్రంగి పేరు ఏ గ్రంథంలోనూ కానరాదు.

పాశ్చాత్యదేశాలలో ఈ అవసరం మరొక రూపం దాల్చింది. యజమాని దుస్తులను కనిపెట్టి చూసే సేవకుని అక్కడ 'వాలెట్' అంటారు. సేవకుడు చేసే ఆ పనిని చేసిపెట్టే కొయ్యసామానుకు కూడా అదే పేరు వచ్చింది. పడకగదిలో నిలబెట్టే వాలెట్ స్టాండుపై కోటు, లాగు, చేతిగడియారం అన్నింటికీ చోటు ఉంటుంది.

వీటిలో ప్రసిద్ధమైనది డెన్మార్కు దేశీయుడైన హాన్స్ వెగ్నర్ 1953లో రూపొందించిన వాలెట్ కుర్చీ. ఆయన 1914లో ఒక చెప్పులు కుట్టేవాని ఇంట జన్మించి, బాల్యంలోనే వడ్రంగి వద్ద శిష్యరికం చేశాడు. రాత్రి పడుకొనే వేళ విడిచిన దుస్తులను ఎక్కడ ఉంచాలన్న చిన్న సమస్యపై, 1951లో ఆచార్య స్టెయిన్ ఐలర్ రాస్ముసెన్ మొదలైనవారితో జరిగిన సంభాషణ ఈ కుర్చీకి బీజమైంది. దీని వీపుపట్టె కోటు తగిలించే కొయ్యలా ఉంటుంది. కూర్చునే పలకను పైకి లేపితే దాని అంచుపై లాగును మడత చెడకుండా వేయవచ్చు. పలక కింద ఉన్న చిన్న పెట్టెలో తాళంచెవులు, చిల్లర నాణేలు ఉంచుకోవచ్చు. పలకను దించితే అది మళ్లీ కుర్చీయే.

డెన్మార్కు రాజు తొమ్మిదవ ఫ్రెడరిక్ దీనిని చూసి ముచ్చటపడి, తనకొకటి కావాలన్నాడు. కాని వెగ్నర్‌కు తృప్తి కలుగలేదు. నాలుగు కాళ్ల తొలి రూపం బరువుగా ఉందని భావించి, మూడు కాళ్లకు తగ్గించాడు. రాజు కోరినా, తనకు నచ్చేవరకు మార్పులు చేయడం మానని పనివాడాయన. 2007లో మరణించేనాటికి వెగ్నర్ ప్రపంచప్రసిద్ధుడు.

అటువంటి పనితనం మన ప్రాంతానికి కొత్త కాదు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసమానును తొలిచి వీణను మలచుతారు. ఏ చేవ పలుకుతుందో, ఏది పగులుతుందో వారి చేతికి తెలుసు. అయినా మన సమాజంలో ఆలోచించేవాడు వేరు, ఉలి పట్టేవాడు వేరు అన్న భావన బలంగా నాటుకొనిపోయింది. రూపశిల్పికి గౌరవం, వడ్రంగికి కూలి మాత్రమే దక్కుతున్నాయి. వెగ్నర్ జీవితం ఈ విభజనను కాదంటుంది. చిత్రిక పట్టిన చేతితోనే ఆయన చిత్రం గీశాడు.

నేడు వసతిగృహంలో చొక్కాను కుర్చీ వీపుకు తగిలించే విద్యార్థి కూడా రాస్ముసెన్ మిత్రబృందం చర్చించిన సమస్యనే ఎదుర్కొంటున్నాడు. దానికి మంచి పరిష్కారం మన ఊరి వడ్రంగి వద్దనే దొరకవచ్చు. అది దొరికిననాడు ఆ వస్తువుతో పాటు అతని పేరు కూడా నిలవాలి.