లోపం ఉన్న పొడికే పనితనం

గోడల పెయింటుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్‌కు ఇంకో విద్య కూడా తెలుసని 1972లో జపాన్‌లో తేలింది. అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా దానితో ఎలక్ట్రోడ్ చేసి, కాంతి ప్రసరింపజేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదీశారు. 1979లో వాళ్లే సహచరులతో కలిసి అర్ధవాహక పొడులు కలిపిన నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి వెలుగు పెడితే ఫార్మిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్, మిథనాల్ కొద్దికొద్దిగా వచ్చాయి.

ఈ కథలో హైదరాబాద్‌లోని తార్నాకకూ చోటుంది. ఉప్పల్ రోడ్డులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) 1944లో నిజాం కాలంలో పుట్టిన ప్రయోగశాల. అక్కడి శాస్త్రవేత్త ఎం. సుబ్రహ్మణ్యం మరో ఇద్దరితో కలిసి, కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒకటి మొదలు మూడు కార్బన్లున్న పదార్థాలను రాబట్టగల ఆక్సైడ్ ఉత్ప్రేరకాలు ఏవో జల్లెడపట్టి 1999లో ప్రచురించారు. పక్కనే ఉస్మానియా క్యాంపస్‌లో ఎం. విఠల్ బృందం పైరోక్లోర్ జాతి ఆక్సైడ్లలో తగరం, నత్రజని వంటివి చొప్పించి, మామూలు వెలుగులోనే రంగునీటిని శుభ్రం చేసే పొడులు తయారుచేసింది. పని వేరైనా ఇద్దరికీ ఎదురైన చిక్కు ఒకటే: ఎండను పట్టుకోవడం.

టైటానియం డయాక్సైడ్‌లో ఎలక్ట్రాన్ కదలాలంటే దాదాపు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంత శక్తి ఉండేది అతినీలలోహిత కిరణాలకే. ఎండలో వాటి వాటా సుమారు 5 శాతం. పైగా కార్బన్ డయాక్సైడ్ అణువు ఓ పట్టాన లొంగదు.

అందుకే శాస్త్రవేత్తలు స్ఫటికాన్ని కావాలని చెడగొట్టారు. హైడ్రోజన్‌లో వేడిచేస్తే కొన్ని ఆక్సిజన్ పరమాణువులు లేచిపోతాయి. ఒక్కో ఖాళీ దగ్గర రెండు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. అవి తక్కువ శక్తి కాంతినీ పట్టించగలవు. కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ ఖాళీలో తన ఆక్సిజన్‌ను ఆనించి వంగుతుంది, వంగాక చర్యకు లొంగుతుంది. 2011లో కాలిఫోర్నియాలో షియావోబో చెన్, శామ్యూల్ మావో బృందం 20 బార్ల పీడనమున్న హైడ్రోజన్‌లో, 200 డిగ్రీల దగ్గర 5 రోజులుంచితే, ఉపరితలం క్రమం తప్పి తెల్లపొడి నల్లబడింది.

పెంకుటింటి కప్పులో ఒక పెంకు జారితే వెలుతురొస్తుంది, పది జారితే వానొస్తుంది. లోపాలు మితిమీరినా, పైన ఉండాల్సినవి లోపలికి చేరినా, కాంతి విడదీసిన ఎలక్ట్రాన్, అది వదిలివెళ్లిన రంధ్రం అక్కడే కలిసిపోయి పని సున్నా అవుతుంది. ఇంకో ఇబ్బంది, కార్బన్ డయాక్సైడ్ లేదా నీటిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీలను పూడ్చేయడం. అప్పుడు పొడి జోరు తగ్గుతుంది.

వచ్చే ఇంధనం ఇంత కొంచెం కాబట్టి మోసపోవడం తేలిక. పొడికి అంటుకున్న పాత కార్బన్ మలినమే మీథేన్‌గా బయటపడవచ్చు. పొగ నుంచి ఇంధనం తీశారన్న వార్త కనబడితే మూడు మాటలు అడగండి: కార్బన్-13 గుర్తున్న కార్బన్ డయాక్సైడ్‌తో పరీక్షించారా? చీకట్లో ఏమొచ్చింది? ఎన్ని గంటలు పనిచేసింది? వీటికి జవాబులు లేని ఫలితాన్ని నమ్మకండి.